మేకతోలు ధర మేకల కాపరి ఇంటికి చేరాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. రాయలసీమ, పాలమూరు వంటి మెట్ట ప్రాంతాల్లో మేకల పెంపకం గురించి తెలుగు పత్రికల్లో వచ్చే కథనాలను నేను చెన్నైలో ఉంటూ శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో మాంసం ధర ఉంటుంది, బ్యాంకు రుణం ఉంటుంది, ఏ నెలలో ఏ టీకా వేయించాలో ఉంటుంది, షెడ్డు ఎంత ఎత్తున కట్టాలో కూడా ఉంటుంది. తోలు మాట మాత్రం ఉండదు. ఇక్కడి పెరియమేట్ తోళ్ల మండీల్లోనూ, తరువాత పల్లావరం వైపు ఒక తోళ్ల శుద్ధి కర్మాగారంలోనూ పచ్చితోళ్ల సెలక్షన్ పనిలో, అంటే తోళ్లను చూసి రకాలుగా వేరుచేసే పనిలో ఉండి విరమించినవాణ్ని కనుక ఈ లోటు నాకు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాటు మేకజాతుల సంరక్షణ గురించి మాట్లాడేవారు తోలు గురించి మాట్లాడరు. తోలు ఎగుమతుల గురించి మాట్లాడేవారికి మేక గుర్తుకు రాదు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడవలసిన అవసరం ఉన్నదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచినది సూటిగా ముందే చెబుతాను. మేకతోలు నాణ్యతలో పెద్ద భాగం కర్మాగారానికి రాకముందే, ఊళ్లో, బతికున్న మేక ఒంటి మీదే తేలిపోతుంది. ఆ నాణ్యతకు దక్కే సొమ్ము మాత్రం చెన్నైలోనో, తోళ్ల కర్మాగారాలున్న ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట వంటి తమిళనాడు ఊళ్లలోనో ఆగిపోతుంది తప్ప మేకను పెంచిన ఇంటిదాకా తిరిగి వెళ్లదు. అది తిరిగి వెళ్లనంత కాలం, మంచి తోలున్న చిన్న నాటు మేకను నిలుపుకోవడానికి పెంపకందారుకు ఉన్న కారణాల్లో ఒకటి తగ్గిపోయినట్టే.

సెలక్షన్ బల్ల ముందు నిలబడినవాడికి తోలు పరచగానే ఆ మేక బతుకు చాలావరకు తెలిసిపోతుంది. పిడుదులు పట్టి పీల్చిన చోట సున్నపు తొట్టి నుంచి బయటికి వచ్చాక సూదిపొడుపుల వంటి గుంటలు తేలతాయి. బొబ్బ రోగం వచ్చి తగ్గిన మేక పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది గాని, వెంట్రుకలు ఊడాక తోలు ముఖం మీద గుండ్రటి మచ్చలు మచ్చలుగానే ఉండిపోతాయి. ఆ మచ్చలను ఏ రంగూ పూర్తిగా కప్పలేదు. గజ్జి, ముళ్లకంచె గీతలు, జబ్బు చేసినప్పుడు నాటువైద్యంగా పెట్టిన వాతలు, అన్నీ అక్కడే బయటపడతాయి. వీటికి తోడు కసాయి చేతి కత్తిగాట్లు. గాలి ఊది పిడికిలితో నెట్టి వలిచిన తోలుకు గాటు పడదు. తొందరలో కత్తితో గీకిన తోలుకు లోపలివైపు గాట్లు పడి, పలచన చేసేటప్పుడు అవి చిల్లులవుతాయి. మన మేకల తోలు సాధారణంగా 3 నుంచి 5 చదరపు అడుగులకు మించదు. అంత చిన్న తోలులో నడుమ ఒక్క చిల్లు పడినా బూటు పైభాగానికి కావలసిన ముక్క దొరకదు. మొదటి రకంలో ఉండవలసినది అస్తరుకు పోతుంది, లేదా రిజెక్షన్ కుప్పలో పడుతుంది.

తరువాత వచ్చేది ఉప్పు. మన ఎండల్లో వలిచిన తోలుకు కొద్ది గంటల్లో ఉప్పు పట్టించకపోతే కుళ్లు మొదలై వెంట్రుక జారిపోతుంది. తోలు బరువులో ఇంచుమించు 40 శాతం ఉప్పు పట్టాలన్నది పాత లెక్క. ఊళ్లో ఆదివారం పొద్దున కోసిన మేక తోలు సాయంత్రం దాకా దుకాణం మూలన ముద్దగా పడి ఉండి, మర్నాడు సేకరించేవాడు వచ్చాక ఉప్పు చూస్తుంది. అప్పటికే దాని ధర సగం దిగిపోయి ఉంటుంది. ఈ ఉప్పే తరువాత కర్మాగారాల్లో నానబెట్టిన నీటితో బయటికి పోయి పాలారు పరీవాహకంలోని నేలను, బావులను పాడుచేసిన కారణాల్లో ఒకటి. ఈ కాలుష్యంపై వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రసిద్ధమే. ఆ విషయం వేరే ఉత్తరానికి సరిపడేంత ఉన్నది కనుక ఇక్కడ దాని జోలికి ఎక్కువగా పోను. ఊళ్లో ఆలస్యంగా పట్టించిన ఉప్పు తోలునూ కాపాడదు, ఏటినీ కాపాడదు అన్నంతవరకే నా మాట.

ఇప్పుడు జాతుల సంగతికి వస్తాను. మేకతోలులో పీచు బిగువుగా, దగ్గర దగ్గరగా అల్లుకొని ఉంటుంది. ఉన్ని గొర్రెతోలు ఉన్నికుదుళ్ల మూలంగా, కొవ్వు మూలంగా వదులుగా ఉంటుంది. అందుకే ఉన్ని లేని, వెంట్రుక మాత్రమే ఉన్న వేడి ప్రాంతపు గొర్రెలకు కూడా తోళ్ల బజారులో ప్రత్యేకమైన గౌరవం ఉంది. సేలం జిల్లా మేట్టూరు వైపు మేచేరి గొర్రె దీనికి మంచి ఉదాహరణ. దాని తోలు పేరు చెప్పి అమ్ముడుపోయేది. మన నెల్లూరు గొర్రె కూడా ఆ కోవలోదే. మేకల్లో తోలుకు పేరెన్నికగన్నది బెంగాల్ నల్లమేక. అది చిన్న మేక. దాని తోలు గ్రెయిన్, అంటే వెంట్రుకలు ఊడాక కనిపించే పైముఖం, నున్నగా, సన్నగా ఉంటుంది. మేక ఎంత పెద్దదైతే తోలు అంత మంచిదన్న అభిప్రాయం మన పల్లెల్లోనే కాక కొందరు అధికారుల్లో కూడా ఉంది. చదరపు అడుగుల లెక్క మాత్రమే చూసేవారికి అది నిజమనిపించవచ్చు గాని, సెలక్షన్ చూసేవాడు ఆ మాటకు ఒప్పుకోడు.

తమిళనాడులో రామనాథపురం, తూత్తుక్కుడి, విరుదునగర్ వైపు ఎండిన నేలల్లో కన్ని మేక, కొడి మేక ఉన్నాయి. సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు సేలం నల్లమేక ఉంది. కర్ణాటకలో కోలారు, చిక్కబళ్లాపురం వైపు నందిదుర్గ మేక, బీదరు వైపు బీదరి మేక ఉన్నాయి. ఇవన్నీ కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దగ్గర జాతులుగా నమోదైనవి. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 లక్షలు, తెలంగాణలో సుమారు 49 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లోని ఈ కోటికి పైగా మేకల్లో ఎక్కువ భాగం కాగితాల మీద ఏ జాతికీ చెందనివిగానే లెక్కలోకి వస్తాయి. గొర్రెల్లో నెల్లూరు, దక్కని, ఇటీవల మాచర్ల అని చెప్పుకోగలిగినట్టు మేకల్లో మనం చెప్పుకోలేకపోతున్నాం. మడకశిర మేకకూ, ఎల్లలు దాటితే కర్ణాటకలో వచ్చే పావగడ మేకకూ రూపంలో ఎంత తేడా ఉన్నదో, ఎంత పోలిక ఉన్నదో కొలిచి రాసినవాడు ఉంటే గదా అది జాతి అవునో కాదో తేలేది. పేరు లేని మేకకు పథకం ఉండదు. పథకం లేనప్పుడు బయటి పోతును తెచ్చి దాటించడమే అభివృద్ధి అనిపించుకుంటుంది.

అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ నమ్మకంగా పడదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా రేగు, బలుసు, తుమ్మ, సర్కారు తుమ్మ కాయలు తిని, దూరాలు నడిచి, కొద్ది నీళ్లతో సరిపెట్టుకొని, జత పిల్లలను పెట్టి బతికించుకొనే మేక అక్కడి నేలకు తగినట్టు తరతరాలుగా ఏర్పడినది. దాన్ని ఏర్పరచినది ప్రయోగశాల కాదు, సంతలో ఏ పిల్లను అమ్మాలి, ఏ పిల్లను విత్తనపు పోతుగా ఉంచాలి అని ప్రతి ఈతలోనూ నిర్ణయించిన కాపరులు. ఆ నిర్ణయాల్లో చాలావాటి వెనుక ఇంటి ఆడవాళ్లు ఉంటారన్నది మేకలున్న ఏ ఊరికి వెళ్లినా తెలుస్తుంది. ఈ మేక తోలులో కొవ్వు తక్కువ, బిగువు ఎక్కువ. సరిగ్గా వలిచి, వెంటనే ఉప్పు పట్టించి తెస్తే ఆ తోలుకు వంక పెట్టడం కష్టం.

దీని మీదికి ఇప్పుడు జమునాపారి పోతులు, వాటి సంకరాలు, కొన్నిచోట్ల దక్షిణాఫ్రికా బోయర్ జాతి మేకల రక్తం వచ్చి చేరుతున్నాయి. జమునాపారి ఉత్తరప్రదేశ్‌లో ఇటావా వైపు యమునా, చంబల్ లోయల మేక. ఆ నేలలో అది గొప్ప మేకే. పెద్ద శరీరం, పొడవాటి చెవులు, చూడముచ్చటైన ఠీవి చూసి సంతలో మనవాళ్లు మోజుపడడంలో ఆశ్చర్యం లేదు. కొట్టంలో కట్టి మేపగలిగినవాడికి, దాణా కొనగలిగినవాడికి అది లాభం కూడా తేవచ్చు. సంకరమే పనికిరాదని నేను అనడం లేదు. రోజంతా గుట్టల వెంట తిరిగి మేసి రావలసిన మందలో ఆ పోతును వదిలి, నాటుపోతును కసాయికి అమ్మేస్తే, రెండు మూడు తరాల్లో ఆ ఊరి మేకకు ఉన్న ఓర్పు పోతుంది, తిరిగి తెచ్చుకోవడానికి విత్తనం కూడా మిగలదు. నాకు అభ్యంతరం ఇక్కడే.

ప్రభుత్వ పథకాల ధోరణి కూడా దీనికి ఊతమిస్తున్నది. జాతీయ పశుసంపద మిషన్ కింద 500 ఆడ జీవాలు, 25 పోతులు లేదా పొట్టేళ్లతో పెద్ద యూనిట్ పెట్టేవారికి పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు రాయితీ ఉంది; చిన్న యూనిట్లకు మెట్లవారీగా తగ్గుతూ వచ్చి, 100 ఆడ జీవాలు, 5 మగ జీవాల దగ్గర 10 లక్షలు ఇస్తారు. ఆ కింది మెట్టు కూడా, పది మేకలు మాత్రమే ఉన్న భూమిలేని ఇంటికి అందేది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక్కొక్క లబ్ధిదారుకు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం రాయితీతో ఇచ్చారు. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ లక్షల జీవాలను లారీల్లో ఒక నేల నుంచి మరొక నేలకు తరలించే పథకంలో స్థానిక జాతి అన్న మాటకు చోటెక్కడుంటుందో పథకం రాసేవారే ఆలోచించుకోవాలి.

తోలు ధర జాతిని నిలబెట్టిన చోటు ప్రపంచంలో లేకపోలేదు. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా ఉత్తర భాగంలోనూ, నైజర్ దేశంలోనూ సహారా అంచున ఎర్ర మేక ఒకటుంది. దాన్ని సొకోటో ఎర్రమేక అనీ, నైజర్‌లో మరాడి మేక అనీ అంటారు. కానో నగరం నుంచి ఒంటెల బిడారుల మీద ఎడారి దాటి ఉత్తర తీరానికి చేరి, ఐరోపాలో పుస్తకాల అట్టలకు మొరాకో తోలుగా పేరుపొందినదానిలో చాలా భాగం ఈ మేకదే. ఆ ఎర్ర తోలుకు గిరాకీ ఉన్నది కనుకనే అక్కడి పశువైద్య శాఖ ఎర్రపోతులను ఉంచి, వేరే రంగు పోతులను మందల నుంచి తప్పించే పని పెట్టుకుంది. అదీ వాన తక్కువ నేలే, అక్కడా మేక పేదవాడి ఆస్తే. తోలును చూసి పోతును ఎంచుకొనే అలవాటు అక్కడ ఏర్పడింది. మన దగ్గర ఆ అలవాటు ఏర్పడకపోవడానికి కారణం మన మేకకు తోలు చెడ్డదై కాదు.

కారణం అమ్మకం జరిగే తీరులో ఉంది. కాపరి సంతలో మేకను ప్రాణంతో అమ్ముతాడు. కసాయి వీపు తడిమి, నడుము పట్టి చూసి మాంసం ఎంత పడుతుందో అంచనా వేసి ధర చెబుతాడు. తోలు ధర ఆ బేరంలో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది గాని విడిగా వినిపించదు. కసాయి నుంచి సేకరించేవాడికి, అతని నుంచి పట్నపు గోడౌనుకు, అక్కడి నుంచి పెరియమేట్ కమీషన్ మండీకి, అక్కడి నుంచి కర్మాగారానికి తోలు చేతులు మారుతుంది. రకాల వారీ ధర కట్టేది చివరి మెట్టులో. కింది మెట్లలో నూటికి ఇంత అని కుప్పధర. మంచి తోలుకూ మచ్చల తోలుకూ ఒకే ధర వస్తుంటే పిడుదుల మందుకు కాపరి డబ్బు ఎందుకు పెట్టాలి? కత్తి నిదానంగా పట్టడానికి కసాయికి ఏం అవసరం?

దీనికితోడు పచ్చితోలు ధర గత పదేళ్లలో దారుణంగా పడిపోయింది. బక్రీదు నాడు వచ్చే తోళ్లే దీనికి సాక్ష్యం. ఏడాదిలో మంచి ఎంపిక చేసిన, బలమైన పోతులు ఆ రోజున కోస్తారు. ఆ తోళ్లను మదరసాలకు దానంగా ఇవ్వడం ఆనవాయితీ. పేదపిల్లల భోజనానికి అది ఒక ఆదాయంగా ఉండేది. ఇప్పుడు ఆటో బాడుగ కూడా రాదని వాటిని తీసుకోవడానికి వెనుకాడే పరిస్థితి వచ్చింది. పైగా ఆ ఒక్క రోజు అనుభవం లేని చేతులు వలవడం వల్ల గాట్లు కూడా ఎక్కువ. కృత్రిమ తోలు, గుడ్డ బూట్లు మార్కెట్టును ఆక్రమించడం ధరపతనానికి ఒక కారణం, ఇంకా కారణాలున్నాయి. 2025 కేంద్ర బడ్జెట్టులో వెట్ బ్లూ తోలు (క్రోమియంతో తొలిదశ శుద్ధి అయిన తడి తోలు) దిగుమతిపై సుంకం పూర్తిగా తీసేశారు, క్రస్ట్ తోలు (శుద్ధి అయి ఎండి, చివరి మెరుగు ఇంకా దిద్దని తోలు) ఎగుమతిపై ఉన్న 20 శాతం సుంకాన్ని కూడా తీసేశారు. రెండవది చిన్న శుద్ధి కర్మాగారాలకు మేలు చేసి గ్రామీణ తోలుకు గిరాకీ పెంచవచ్చు. మొదటిది బూట్ల కంపెనీకి విదేశీ తోలును చౌక చేస్తుంది. ఊళ్లలోని తోలు శుభ్రంగా, వరుసగా, ఒకే రకంగా దొరకకపోతే కర్మాగారందారు ఓడరేవు వైపే చూస్తాడు. వ్యాపారిగా అతణ్ని తప్పుపట్టలేను.

1970ల్లో సీతారామయ్య కమిటీ సిఫారసుల తరువాత పచ్చితోళ్లను, అర్ధశుద్ధి తోళ్లను అట్లాగే పంపించడం తగ్గించి, పూర్తిగా తయారైన తోలును, వస్తువులను ఎగుమతి చేయాలన్న విధానం వచ్చింది. దాని వల్ల చెన్నై చుట్టూ వేలాది మందికి పని దొరికింది. ఆ విధానం విలువను పెంచినది ఓడరేవుకు ఇవతల ఉన్న కర్మాగారంలో. ఊరిదాకా ఆ పెంపును తీసుకువెళ్లే రెండో అడుగు ఎవరూ వేయలేదు. ఆ అడుగు గురించి ఆలోచించినవారిలో యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారిని చెప్పుకోవాలి. అడయారులో 1948లో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉండి, తోలు పని చేసే పల్లె మనుషుల దగ్గరికి శాస్త్రం వెళ్లాలని ఆయన పట్టుబట్టారు. రైతు కుటుంబంలో పుట్టి, కులం పేరుతో అందరూ ముక్కు మూసుకొనే వృత్తిని తన శాస్త్రంగా ఎంచుకున్న తెలుగువాడు. 1985లో ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో ఆయనను కోల్పోయాం.

చెన్నైలో మరో విచిత్రం ఉంది. 1903లో మొదలైన వేపేరి పశువైద్య కళాశాలకూ పెరియమేట్ తోళ్ల మండీలకూ మధ్య నడిచిపోగలిగినంత దూరం. ఒకచోట మేక రోగాలు చదువుతారు. మరొకచోట ఆ రోగాల మచ్చలను లెక్కపెట్టి ధర తగ్గిస్తారు. మండీ బల్ల మీద ఏ జిల్లా తోళ్లలో బొబ్బ మచ్చలు ఎక్కువో, ఏ వైపు తోళ్లలో పిడుదుల పొడుపులు ఎక్కువో మాకు నోటిలెక్కగా తెలిసేది. ఆ లెక్క కాగితం మీదికి ఎక్కి తిరుపతిలోని వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికో, జిల్లా పశుసంవర్ధక శాఖకో చేరితే ఏ మండలంలో టీకా ముందు వేయాలో తేలికగా తేలిపోదా?

అందువల్ల నా సూచన పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మండలం స్థాయిలో తోళ్లు సేకరించే చోట కట్టలకు ఊరి గుర్తు కట్టాలి. కర్మాగారంలో సెలక్షన్ అయ్యాక ఏ కట్టలో మొదటి రకం ఎన్ని, రిజెక్షన్ ఎన్ని, కారణమేమిటి అన్న చీటీ వెనక్కి రావాలి. మొదటి రకానికి వచ్చే అదనపు ధరలో కొంత భాగం ఆ ఊరి పెంపకందారుల సంఘానికి జమ కావాలి. ఆ సొమ్ముతో ముందుగా ఊరుమ్మడి నాటుపోతును మేపాలి. రెండు రాష్ట్రాల్లోనూ గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు ఉన్నాయి గాని, నేను చూసినంతలో మేకలు మాత్రమే ఉన్న ఇళ్లు వాటి బయటే ఉండిపోయాయి. మహిళా సంఘాల ద్వారా వారిని కలుపుకోవడం కష్టం కాదు. పల్లె కసాయిలకు పిడికిలితో వలవడం నేర్పి, దుకాణంలో ఉప్పు బస్తా ఒకటి ఉంచే ఏర్పాటు చేస్తే తోలు ధరలో వచ్చే తేడాయే ఆ ఖర్చును తీరుస్తుంది.

మేక ధరలో తోలు వాటా చిన్నది, అంత చిన్న సొమ్ము జాతిని నిలబెట్టగలదా అని ఎవరైనా అడగవచ్చు. ఒక్క తోలే నిలబెట్టదు. కరువుకు తట్టుకోవడం, జత పిల్లలు, రోగనిరోధం, నాటుమేక మాంసానికి ఉన్న రుచి, వీటన్నిటితో కలిసి తోలు కూడా ఒక కారణం కావాలి. అయితే ఒక ఊరి మందలన్నిటికీ కావలసిన విత్తనపు పోతులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే కనుక, వాటిని కసాయి చేతికి పోకుండా ఆపడానికి కావలసిన సొమ్ము కూడా పెద్దది కాదు. చిన్న సొమ్ము సరైన చోట పడితే సరిపోతుంది.

తంగేడు గురించి కూడా ఒక మాట. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఈ చెట్టు మెట్టనేలల్లో నీళ్లు అడగకుండా పెరుగుతుంది. దాని పట్టతో, కరక్కాయతో శుద్ధి చేసిన మదరాసు తోలుకు ఒకప్పుడు లండన్ వేలాల్లో మంచి పేరుండేది. ఆ తరువాత దిగుమతి అయిన వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు పట్ట సారం, ఆపైన క్రోమియం లవణాలతో చేసే శుద్ధి దాన్ని పక్కకు నెట్టాయి. పెద్ద ఎత్తున ఆ పద్ధతికి తిరిగి వెళ్లగలమని నేను అనుకోను; పట్ట కోసం చెట్లను నరికితే మేకకు నీడ కూడా ఉండదు. చిన్న మొత్తంలో, చేతిసంచులకు, పుస్తకాల అట్టలకు, ఊరి పేరు చెప్పి అమ్మగలిగే తోలుకు మాత్రం అవకాశం ఉంది.

చివరగా తమ పత్రికకు ఒక విన్నపం. వ్యాపారం పేజీలో మిర్చి, పత్తి, వేరుశనగ, పసుపు ధరలు మార్కెట్ల వారీగా వేస్తున్నారు. వారానికొకసారి పెరియమేట్ మండీలో ఉప్పుపట్టిన మేకతోలు ధర మొదటి రకం ఎంత, రెండో రకం ఎంత, రిజెక్షన్ ఎంత అన్నది కూడా ఆ పట్టికలో చేర్చగలరా? కదిరి సంతకో కళ్యాణదుర్గం సంతకో మేకను తోలుకువెళ్లే మనిషికి, తాను అమ్ముతున్నదానిలో తోలుకు ఎంత పలుకుతున్నదో అది చదివాకనైనా తెలుస్తుంది. మండీవారు ధరలు చెప్పడానికి మొదట్లో సంకోచించవచ్చు. ఒకటి రెండు పేరున్న సంస్థలు ముందుకు వస్తే మిగిలినవారు ఆగరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై